ఇథియోపియాలో ఇంగ్లీషు లెక్చరర్ ఉద్యోగం: మొదటి వారాల్లో ఏం ఎదురవుతుంది?

చెల్లీ అని రాస్తున్నా, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ఇదీ: ఎమ్మే ఇంగ్లీషు లిటరేచర్ చేసి విజయనగరంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్నావు, ఇథియోపియాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి లెక్చరర్‌గా ఆఫర్ వచ్చింది, నెలన్నరలో బయల్దేరాలి, ఒక్కదానివే వెళ్తున్నావు, "నా ఇంగ్లీషు అక్కడ సరిపోతుందా, మొదటి రోజుల్లో పరువు పోకుండా ఎలా నెగ్గుకు రావాలి" అని టెన్షన్. నాది శ్రీకాకుళం. ఆ దేశంలోనే దక్షిణాన ఒక యూనివర్సిటీలో కొన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పి వచ్చాను, కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదువు.

ముందు ఆ భయం సంగతి. నీ ఇంగ్లీషు సరిపోతుంది. సరిపోనిది నీ స్పీడు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో యూనిట్లు అవగొట్టాలన్న తొందరలో గంట సేపు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడేస్తాం, పిల్లలకి మన యాస చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి ఎలాగో అందుకుంటారు. అక్కడ అందుకోలేరు. మనం v, w రెండింటికీ ఒకే వ పలుకుతాం, z రాసి ఉన్నచోట జ అనేస్తాం, మాటల చివర ఉకారం తగిలిస్తాం, ఏ అక్షరం మీద ఒత్తు పడాలో పట్టించుకోం. వాళ్ళకి z బాగా వస్తుంది, 'దిస్', 'దట్' అనే చోట కూడా చాలామంది నోట ఆ z శబ్దమే వస్తుంది. కాబట్టి మొదటి వారం నీ 'దట్' వాళ్ళకి తెలియదు, వాళ్ళది నీకు తెలియదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండు వారాలు పోతే చెవులు సర్దుకుంటాయి, కానీ ఆ రెండు వారాల్లో నువ్వు వేగం తగ్గించకపోతే "కొత్త ఇండియన్ మేడమ్ చెప్పేది అర్థం కాదు" అని క్యాంపస్ అంతా పాకిపోతుంది, తర్వాత ఎంత బాగా చెప్పినా ఆ మాట పోదు.

అందుకని బయల్దేరే ముందే ఒక పని చెయ్యి. ఇంగ్లీషు పేపర్లో ఒక పేరా చదివి ఫోన్‌లో రికార్డు చేసి, తెలుగు రాని వాళ్ళకి వినిపించు. రాయగడలోనో పర్లాకిమిడిలోనో తెలిసిన ఒడియా వాళ్ళుంటే వాళ్ళే చాలు. ఎక్కడ వాళ్ళు "మళ్ళీ చెప్పండి" అంటారో రాసుకో. ఈ పని ఎందుకంటే, అక్కడ ఫస్టియర్ ఇంగ్లీషు మాడ్యూల్‌లో లిజనింగ్ పాఠాలు ఉంటాయి, ఆడియో మాత్రం ఉండదు, ఉన్నా ఆ రోజు కరెంటు ఉండకపోవచ్చు. పాఠం నువ్వే పైకి చదవాలి, ప్రశ్నలకి వాళ్ళు నీ గొంతు విని జవాబులు రాయాలి, దానికి మార్కులు కూడా ఉంటాయి. అంటే నీ ఉచ్చారణే వాళ్ళ ప్రశ్నపత్రం. నేనైతే ప్రతి లిజనింగ్ పాఠాన్నీ ముందురోజు రాత్రి పైకి చదువుకుని వెళ్ళేదాన్ని, ఇప్పటికీ అది అతి జాగ్రత్త అనుకోను.

ఇక పిల్లల గురించి. ప్రాథమిక బడి ఎక్కువగా మాతృభాషలో సాగుతుంది, అది అమ్హారిక్ కావచ్చు, అఫాన్ ఒరొమో కావచ్చు, సిదామా, తిగ్రిన్యా, సోమాలీ కావచ్చు. తొమ్మిదో తరగతి నుంచి అన్ని సబ్జెక్టులూ ఇంగ్లీషు మీడియం. కాగితం మీద ఇంగ్లీషు మీడియం, క్లాసులో టీచరు చెప్పేది స్థానిక భాషలో, ఇదంతా మనకి కొత్తా? 2022లో పన్నెండో తరగతి జాతీయ పరీక్షని తొలిసారి యూనివర్సిటీ క్యాంపస్‌లకి రప్పించి కాపీలు లేకుండా పెడితే, సగం మార్కులు తెచ్చుకున్నవాళ్ళు 3.3 శాతమే. అప్పటి నుంచి తప్పినవాళ్ళలో కొంతమందిని యూనివర్సిటీల్లోనే రెమెడియల్ క్లాసుల్లో కూర్చోబెడుతున్నారు. కొత్తగా చేరిన ఇంగ్లీషు లెక్చరర్‌కి ఆ క్లాసులు అంటగట్టే అవకాశం బాగా ఉంది, అంటగడితే ఏడవకు. సీతంపేట వైపు నుంచి వచ్చి ఇంట్లో సవర, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు అంటూ మూడు భాషల మధ్య నలిగిన పిల్లలు నీ క్లాసులో ఉండే ఉంటారు కదా. వాళ్ళని లాక్కొచ్చిన అనుభవమే నీ అసలు అర్హత. ఇంటర్వ్యూలో అడగలేదేమో గానీ క్లాసులో పనికొచ్చేది అదే, నీ స్పెషలైజేషన్ పేపర్ కాదు.

మొదటి రోజు క్లాసులో ఏం చెయ్యాలి అని విడిగా అడిగావు. నీ గురించి ఐదు నిమిషాలకు మించి చెప్పకు. మ్యాప్ తీసి విజయనగరం చూపించి, కోట, మహారాజా కాలేజీ, పైడితల్లమ్మ జాతర అని మొదలుపెడితే మర్యాదగా వింటారు, ఒక్క ముక్క గుర్తుండదు. దానికి బదులు తలా ఒక అర పేజీ రాయించు, 'నేను పెరిగిన ఊరు' చాలు, మార్కులు లేవని ముందే చెప్పు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని ఆ రాత్రే చదువు. సిలబస్ పుస్తకం చూసి నువ్వు ఊహించుకున్న లెవెల్‌కీ ఆ కాగితాల్లో కనిపించే లెవెల్‌కీ ఎంత దూరమో తెలిసిపోతుంది, క్లాసులో ఇద్దరు ముగ్గురు నీకన్నా చక్కగా రాసేవాళ్ళు ఉంటారు, అదీ తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: రాయడానికైనా మాట్లాడటానికైనా "మీది ఏ తెగ, ఏ జాతి" అన్న ప్రశ్న ఎప్పుడూ వెయ్యకు. మనం "ఏ ఊరు, ఎవరి తాలూకు" అని అలవాటుగా అడిగేస్తాం. అక్కడ రాజకీయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది, 2019 చివర్లో చాలా క్యాంపస్‌లలో విద్యార్థుల మధ్య జాతి గొడవలు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. పేరునిబట్టి ఊహించి మాట్లాడటం కూడా వద్దు.

"అర్థమైందా?" అని అడగకు. అందరూ అవుననే అంటారు. ఆ అవును కూడా విచిత్రంగా ఉంటుంది: ఉలిక్కిపడినట్టు చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తారు, కనుబొమలు పైకి లేపుతారు. మొదటిసారి చూస్తే నువ్వు ఏదో అనరాని మాట అన్నావేమో అని గుండె జారిపోతుంది. కంగారు పడకు, అది "ఊఁ, అవును" అంతే. అర్థమైందో లేదో తెలియాలంటే ఒక వాక్యం ఇచ్చి మార్చమను, పక్కవాడికి చెప్పమను, బోర్డు మీద రాయమను. ముందు ఇద్దరిద్దరిని మాట్లాడించి, తర్వాతే క్లాసు ముందు నిలబెట్టు. ఒక్కసారిగా లేపి నిలబెడితే, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ సెమిస్టర్ అంతా నోరు విప్పరు. జంటల్లో వాళ్ళు వాళ్ళ భాషల్లో గుసగుసలాడితే ఆడనీ, "ఇంగ్లీష్ ఓన్లీ" అని బోర్డు పెట్టకు. అర్థం తెలుసుకోవడానికి ఏ భాషైనా వాడుకోనీ, క్లాసు ముందు చెప్పేటప్పుడు ఇంగ్లీషులో చెప్పమను. ఈ విషయంలో నాతో వాదించే తోటి లెక్చరర్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు, నేను మాత్రం మారలేదు.

పేర్లు నేర్చుకో. అక్కడ ఇంటిపేర్లు ఉండవు. సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, అవసరమైతే తాత పేరు, అంతే. హాజరు పట్టీ మొదటి పేరు ప్రకారం ఉంటుంది, పిలవడం కూడా మొదటి పేరుతోనే. నీ పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటే మాత్రం ఆఫీసు వాళ్ళు నిన్ను ఆ ఇంటిపేరుతోనే పిలుస్తారు, గుర్తింపు కార్డు మీద అదే ఎక్కుతుంది, ఇక అక్కడ ఉన్నన్నాళ్ళూ నువ్వు 'మిస్ ఫలానావారు'. చేరిన రోజే ఏ పేరుతో పిలవాలో చెప్పెయ్యి, బ్యాంకు ఖాతా, కాంట్రాక్టు, రెసిడెన్స్ కార్డు అన్నిటిలో పాస్‌పోర్టులో ఉన్న వరసే ఉందో లేదో చూసుకో, ఒక్కచోట తేడా వచ్చినా జీతం ఆగుతుంది.

గడియారం, క్యాలెండర్ గురించి ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు, అయినా రాస్తాను, ఎందుకంటే తెలిసి కూడా దెబ్బతింటారు. వాళ్ళ లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట. "రెండింటికి మీటింగ్" అంటే పొద్దున్న ఎనిమిది. ఆరు గంటల తేడా, లెక్క సులువే, కానీ టైమ్ టేబుల్ ఒక లెక్కలో అచ్చవుతుంది, నోటి మాట ఇంకో లెక్కలో నడుస్తుంది. ఎవరు టైమ్ చెప్పినా "మన లెక్కా, మీ లెక్కా" అని అడిగెయ్యి, సిగ్గుపడకు. క్యాలెండర్ మనకన్నా ఏడెనిమిదేళ్ళు వెనక. మనకి 2025 సెప్టెంబర్ 11 నాడు వాళ్ళకి 2018 మొదలైంది. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర ఐదో ఆరో రోజుల చిన్న నెల ఒకటి. ఇది సరదా విషయంలా ఉంటుంది గానీ పర్మిట్ గడువు తేదీ ఏ క్యాలెండర్‌లో ఉందో చూసుకోకపోతే సరదా తీరుతుంది.

ఇంకోటి, అక్టోబర్‌లో క్లాసులు అన్నారని అక్టోబర్ మొదటి తారీకున క్లాసులో ఉంటావని అనుకోకు. సీనియర్లు ముందు వస్తారు, ఫస్టియర్ వాళ్ళని ఆలస్యంగా పిలుస్తారు, తేదీ జరుగుతుంది, మళ్ళీ జరుగుతుంది. ఆ ఖాళీ వారాల్లో గదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్స్ చేసుకుంటూ దిగులుపడే కొత్తవాళ్ళని చూశాను (అక్కడ టైమ్ మనకన్నా రెండున్నర గంటలు వెనక, మనవాళ్ళు పడుకునే వేళకి అక్కడ ఇంకా రాత్రి భోజనం కాదు, కాబట్టి సాయంత్రాలు మరీ బోసిగా ఉంటాయి). డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళి కూర్చో. పాత ప్రశ్నపత్రాలు అడుగు, మాడ్యూల్ కాపీ తీసుకో, గ్రేడింగ్ ఎలా వేస్తారో కనుక్కో. చాలా చోట్ల సగం మార్కులు సెమిస్టర్ మధ్యలో పెట్టే టెస్టులకీ అసైన్‌మెంట్లకీ, సగం ఫైనల్‌కీ. పిల్లలు ఫెయిలైతే నీ గది ముందు నిలబడతారు, అందుకని ఆ మధ్య మార్కుల కాగితాలన్నీ దాచుకో.

తోటి లెక్చరర్లతో జాగ్రత్త. ఇక్కడ కొంచెం సూటిగా రాస్తాను. విదేశీ లెక్చరర్‌కి ఇచ్చే జీతం స్థానిక లెక్చరర్ జీతానికి చాలా పైన ఉంటుంది, పని ఒకటే. ఆ కడుపుమంట సహజం. నీ జీతం మాట ఎవరితోనూ ఎత్తకు, "ఇంతేనా ఇక్కడ" అన్న మాట నోటి నుంచి రానీకు. పైగా వాళ్ళలో ఎక్కువమంది చదివింది ఇంగ్లీషు బోధన మీద ఎమ్మే, మనది లిటరేచర్ ఎమ్మే. రైటింగ్ ఎలా నేర్పాలి, టెస్ట్ ఎలా తయారుచేయాలి అన్నదాంట్లో వాళ్ళు మనకన్నా బాగా చదువుకున్నవాళ్ళు. వాళ్ళ క్లాసులో వెనక కూర్చుని చూస్తానని అడుగు, ఒప్పుకుంటారు. మీటింగ్ మధ్యలో వాళ్ళ భాషలోకి జారిపోతే నిన్ను కావాలని వదిలేశారనుకోకు, పక్కవాళ్ళని అడుగు. మన స్టాఫ్ రూమ్‌లో ఒక హిందీ ఆయన ఉంటే మనం మాత్రం ఎంతసేపు ఇంగ్లీషులో ఉంటాం?

కాఫీకి పిలిస్తే కాదనకు. పచ్చి గింజలు నీ ముందే వేయించి, దంచి, కాచి, మూడు విడతలుగా పోస్తారు, మూడూ అయ్యేదాకా లేవడం మర్యాద కాదు. గంట పడుతుంది. ఆ గంటలోనే నీకు ఇల్లు ఎక్కడ దొరుకుతుందో, ఏ గుమస్తా దగ్గర ఫైలు కదులుతుందో, ఏ దారిలో రాత్రి నడవకూడదో అన్నీ తెలుస్తాయి. పెద్దవాళ్ళు కొందరు "మా మాస్టారు ఇండియన్" అని నీ చెయ్యి పట్టుకుంటారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో బడుల్లో మనవాళ్ళు, ముఖ్యంగా కేరళ వాళ్ళు, చాలామంది పనిచేశారు. ఆ పాత మాస్టార్లు సంపాదించిపెట్టిన మర్యాద నీకు ఊరికే దొరుకుతుంది. అలాగని చిన్నచూపు మాటలు సహించరు. ఆ దేశం 1896లో అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించింది, 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమణ తప్ప ఎవరి పాలనలోనూ లేదు. ఇంగ్లీషు వాళ్ళకి దొరల భాష కాదు, పనికొచ్చే భాష.

తిండీ చలీ త్వరగా చెప్పేస్తాను. ఆఫ్రికా అంటే మండే ఎండ అనుకుని పల్చటి బట్టలు సర్దకు. రాజధాని అడిస్ అబాబా సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది, మన అరకుకి రెండు రెట్ల పైనే. మెట్లెక్కితే మొదటి వారం ఆయాసం వస్తుంది, క్లాసులో గట్టిగా మాట్లాడినా వస్తుంది. ఆ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గిన్నెలో పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. కుక్కర్ తీసుకెళ్ళు, గాస్కెట్లూ సేఫ్టీ వాల్వులూ రెండేసి అదనంగా. ఇంజెరా పులిసిన అట్టులా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది. శాకాహారివి అయితే బుధ, శుక్రవారాలు నీవే, ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం, హోటళ్ళలో పప్పులూ కూరలూ మాత్రమే ఉండే పళ్ళెం దొరుకుతుంది. చింతపండు, ఇంగువ పట్టుకెళ్ళు. డిపార్ట్‌మెంట్ హెడ్‌కి ఇవ్వడానికి పలాస జీడిపప్పు రెండు ప్యాకెట్లు. చీర కట్టుకోవచ్చు, చాలా మెచ్చుకుంటారు, కానీ వానాకాలం బురదలో రోజూ కష్టం. పొందూరు ఖద్దరుతో కుట్టించిన సల్వార్లు, పైన స్వెట్టర్ నాకు బాగా కుదిరాయి. వీధిలో పిల్లలు "ఫరెంజ్" అని అరుస్తారు, విదేశీ అని, చిరాకు పడకు.

కాగితాలు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, 2016 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, రోజులూ స్లాట్లూ ఉంటాయి, ఈ వారమే కనుక్కో. మన ప్రైవేటు కాలేజీలు కొన్ని ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటాయి, నీవి అలా ఉంటే రాజీనామా మాట ఎత్తకముందే ఏదో ఒక అవసరం చెప్పి బయటికి తెచ్చుకో. అటెస్టేషన్ రాష్ట్రం నుంచి విదేశాంగ శాఖకి, అక్కణ్ణుంచి ఢిల్లీలో ఇథియోపియా ఎంబసీకి వెళ్ళాలి, నెలన్నర అంటే బొటాబొటీ.

జీతం కాంట్రాక్టులో బిర్రుల్లో (అక్కడి డబ్బు) ఉందా, డాలర్ల లెక్కలో ఉందా? ఇది ఇంగ్లీషు కన్నా పెద్ద ప్రశ్న, నువ్వు అడగనే లేదు. 2024 జూలై చివర్లో అక్కడి ప్రభుత్వం బిర్రు విలువని మార్కెట్‌కి వదిలేసింది, అప్పటిదాకా డాలరుకి 57 దగ్గర ఉన్నది కొద్ది వారాల్లోనే వంద దాటింది. బిర్రుల్లో ఒప్పందం ఉన్నవాళ్ళ జీతం ఇంటికి పంపేసరికి సగమైపోయింది. ఎంత భాగం బయటికి పంపుకోవచ్చు, ఏ రోజు రేటు కడతారు, ఇల్లు వాళ్ళిస్తారా, ఏడాదికోసారి టికెట్ ఉందా, ఇవన్నీ మెయిల్‌లో రాతపూర్వకంగా తెప్పించుకో, ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. మొదటి జీతం రావడానికి ఆలస్యమవుతుందనే అనుకుని, అప్పటిదాకా బతకడానికి డాలర్లు చేతిలో ఉంచుకో.

చివరికి, ఏ ఊరో రాయలేదు నువ్వు. సగం సలహాలు దానిమీదే ఆధారపడి ఉన్నాయి. అమ్హారా ప్రాంతంలో 2023 నుంచి పోరాటం నడుస్తోంది, ఒరొమియాలో కొన్ని చోట్ల కూడా గొడవలున్నాయి, అలాంటి చోటైతే అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఇండియన్ ఎవరినైనా పట్టుకుని మాట్లాడకుండా టికెట్ కొనకు, వెళ్ళాక మన ఎంబసీలో పేరు నమోదు చేసుకో. హవాసా, జిమ్మా లాంటి చోట చలి మరీ అంత ఉండదు, అఫార్ వైపో గాంబెల్లా వైపో అయితే స్వెట్టర్ సంగతి మర్చిపో, మన మే నెల అక్కడ ఏడాది పొడుగునా ఉంటుంది. భాష కూడా అంతే. అమ్హారిక్ నడిచే ఊరైతే ఇప్పుడే వాళ్ళ లిపి మొదలుపెట్టు, ప్రతి హల్లుకీ ఏడు రూపాలు, గుణింతం వచ్చినవాళ్ళకి నెలలో పట్టుబడుతుంది. ఒరొమో ఊరైతే ఆ లిపి అక్కర్లేదు, వాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు, అక్కడ అమ్హారిక్‌లో పలకరిస్తే కొందరికి నచ్చకపోవచ్చు కూడా. ఊరి పేరు చెప్పు, ఆ వైపు పనిచేసినవాళ్ళు మా పాత బ్యాచ్‌లో ఎవరైనా ఉన్నారేమో అడుగుతాను.